క్యాన్సర్ కణం ఏం తింటోంది? జవాబు మీ సిలబస్‌లోనే మొదలవుతుంది!

గ్లైకాలసిస్‌లో ఎన్ని మెట్లు? చివరికి ఎన్ని ఏటీపీలు మిగులుతాయి? బీఎస్సీ బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ విద్యార్థుల్లో చాలామంది వీటిని పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టి, పేపర్ రాయగానే మరిచిపోతారు. ‘దీంతో ఉద్యోగం వస్తుందా?’ అని ఇంట్లో అడిగితే జవాబుండదు. ఆమడగూరు లాంటి మండలం నుంచి కదిరికో, హిందూపురానికో వెళ్లి చదివేవాళ్లకు ఈ ప్రశ్న ఇంకా బరువు. డిగ్రీ అయ్యాక అందరిలా బెంగళూరు వెళ్లి కోడింగ్ కోర్సులో చేరడమే దారి అనిపిస్తుంది. చేరండి, తప్పేం లేదు. కానీ సబ్జెక్టు పనికిరాదని మాత్రం అనుకోవద్దు. క్యాన్సర్ వైద్యంలో ఇంకా తేలని ఒక పెద్ద ప్రశ్న ఆ పాఠంలోనే ఉంది.

మన ఒంట్లోని టీ-కణాలు క్యాన్సర్ కణాలను గుర్తించి చంపగలవు. వాటికి పీడీ-1 లాంటి బ్రేకులుంటాయి. కణితి ఆ బ్రేకులు నొక్కి తప్పించుకుంటుంది. బ్రేకు వదిలించే ఇమ్యునోథెరపీ మందులకు దారి చూపిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. ఈ మందులతో కొందరు రోగులు ఏళ్లతరబడి బతుకుతున్నారు. చాలామందికి మాత్రం పనిచేయడం లేదు. కొందరికి పనిచేసినట్టే చేసి ఆగిపోతోంది.

కారణాలు అనేకం. వాటిలో ఒకటి తిండి. ఆక్సిజన్ ఉన్నా సరే, కణితి గ్లూకోజ్‌ను విపరీతంగా లాగేసి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుందని ఒట్టో వార్‌బర్గ్ 1920ల్లోనే గమనించారు. వేరుశనగ చేలో వేసిన ఎరువును కలుపు తినేసినట్టు, టీ-కణానికి అందాల్సిన గ్లూకోజ్ కణితికి పోతుంది. పైగా ఆ ఆమ్లం టీ-కణాన్ని నీరసపరుస్తుంది. బ్రేకు తీసినా ట్యాంకులో డీజిల్ లేకపోతే బండి కదలదు కదా!

‘కణితికి గ్లూకోజ్ అందకుండా చేస్తే సరి’ అంటారేమో. చిక్కంతా అక్కడే. పోరాడే టీ-కణానికీ అదే గ్లైకాలసిస్ కావాలి. ట్రిప్టోఫాన్‌ను కరిగించే ఐడీఓ ఎంజైమును అడ్డుకునే ఎపకాడోస్టాట్‌ను ఇమ్యునోథెరపీకి జోడించి మెలనోమా రోగులపై పరీక్షించారు. 2018లో ఆ పెద్ద ట్రయల్ విఫలమైంది. అంటే దారి ఇంకా దొరకలేదు. కొత్తవాళ్లకు చోటుందని దాని అర్థం.

ఈ దారిలో మొదటి అడుగులు వేసినవాళ్లలో మన తెలుగువాడూ ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. తర్వాత హార్వర్డ్‌లో ఏటీపీని గుర్తించారు. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు తయారుచేసింది. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌తో లుకేమియా పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. కణం తిండిని అడ్డుకుని క్యాన్సర్‌ను కట్టడి చేయడమంటే అదే. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

మరి మీరేం చేయాలి? డిగ్రీ చివరి ఏడాదిలో జామ్, పీజీ బయోటెక్నాలజీ సీట్ల కోసం గాట్-బి రాయొచ్చు. పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థ, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం దగ్గర్లోనే ఉన్నాయి. పీజీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్. హైదరాబాద్ సీసీఎంబీ, బెంగళూరు ఐఐఎస్సీ లాంటి చోట్ల పీహెచ్‌డీకి ప్రయత్నించొచ్చు. ఐఐటీ బాంబేలో మొదలైన పరిశోధన నుంచి వచ్చిన నెక్స్‌కార్19 చికిత్సకు 2023లో అనుమతి దొరికింది. కాబట్టి ఇది అమెరికాలో మాత్రమే జరిగే పని కాదు.

దారి పొడవైనదే. కోడింగ్ ఉద్యోగమంత త్వరగా జీతం రాదు. ఇంటి పరిస్థితి చూసుకునే నిర్ణయించుకోండి. అయితే ఏ దారి పట్టినా, ఈసారి గ్లైకాలసిస్ చదివేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఆగితే కణితికి ఏమవుతుంది, టీ-కణానికి ఏమవుతుంది? బట్టీ పట్టాల్సిన అవసరం అక్కడితో తీరిపోతుంది.