ఈ బోనాల లోపే హాలోజన్ బల్బులు దించేద్దాం

పాతబస్తీ ఇళ్ల యజమానులకు, కిరాయిదారులకు, దుకాణాల మీద కాపురం ఉంటున్న ప్రతి కుటుంబానికి.

2025 మే 18, ఆదివారం పొద్దున. గుల్జార్ హౌజ్ దగ్గర కింద నగల దుకాణం, పైన కాపురాలు ఉన్న ఇంట్లో మంటలు లేచాయి. 17 మంది పోయారు. వాళ్లలో ఎనిమిది మంది పిల్లలు. లోపలికి ఇరుకు దారి, పైకి ఇరుకు మెట్లు. పొగ ముందు చేరింది, సాయం తర్వాత చేరింది. షార్ట్ సర్క్యూటే కారణం కావచ్చని అగ్నిమాపక అధికారులు మొదట్లోనే అన్నారు.

ఆ మంటకు బల్బు కారణమని నేను అనడం లేదు. అడిగేది ఒక్కటే: అలాంటి ఇంట్లో, అలాంటి మెట్ల మీద, అలాంటి పాత వైర్ల కింద మనం ఎంతమందిమి పడుకుంటున్నాం? శాలిబండలో, లాల్ దర్వాజాలో, గౌలిపురాలో, ఆలియాబాద్‌లో తలెత్తి చూడండి. పాత దూలాల కింద పీఓపీ సీలింగ్, దానికీ పైకప్పుకూ మధ్య జానెడు సందు, ఆ సందులో చుట్టచుట్టి పడేసిన వైర్లు, వాటి పక్కనే 50 వాట్ల హాలోజన్ బల్బులు. వాటినే దించమంటున్నాను.

హాలోజన్ బల్బు గాజు కనీసం 250 డిగ్రీలకు వేడెక్కాలి. అప్పుడే లోపలి వాయువు తన పని చేస్తుంది. ఆ బల్బు తయారీయే అంత. ఇళ్లలో వేసే మామూలు పీవీసీ వైరు తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలు. ఈ రెండింటినీ మూసిన సందులో పక్కపక్కన పెట్టాం. పైగా రెండంగుళాల ఎంఆర్16 బల్బుల్లో చాలావాటికి వెనక మెరిసే గిన్నె ఉంటుంది. అది వెలుగును కిందికి కొట్టి, వేడిని వెనక్కి, సీలింగ్‌లోకి వదిలేస్తుంది. అందుకే కింద కూర్చున్నవాళ్లకు ఆ వేడి అంతగా తెలియదు. మెయిన్ ఆపి, బల్బు బాగా చల్లారాక ఒక్క డౌన్‌లైట్‌ను బయటికి లాగి చూడండి. హోల్డరు గోధుమరంగుకు మాడి ఉంటే, దగ్గరి వైరు తొడుగు వేళ్ల మధ్య నలిపితే పొట్టులా రాలితే, మీ ఇంట్లో పని ఇప్పటికే ఆలస్యమైనట్టు.

ఇక యజమానులతో మాట. కిరాయి పెంచడం మీకు ఏటా గుర్తుంటుంది. వైరింగ్ ఎప్పుడు వేయించారని అడిగితే మాత్రం తండ్రి పేరు చెబుతారు, తాత పేరు చెబుతారు. ఆ వైరింగ్ వేసిననాడు ఇంట్లో నాలుగు బల్బులు, ఒక ఫ్యాను. ఇవాళ అదే తీగ మీద ఏసీ, గీజరు, ఫ్రిజ్, కింద దుకాణంలో ముప్పై లైట్లు. నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబరులో కింద రసాయనాల డబ్బాలు, పైన కుటుంబాలు. మంటల్లో కనీసం తొమ్మిది మంది పోయారు. అంతకు ముందేడు సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూము, పైన లాడ్జి. ఎనిమిది మంది పోయారు. కింద వ్యాపారం, పైన ప్రాణాలు. ప్రతిసారీ పరామర్శలు, పరిహారాలు, పది రోజుల తనిఖీలు. ఆ తర్వాత అందరూ మరిచిపోతారు. మరిచిపోవడానికి వీల్లేదు. కిరాయి తీసుకునే చేయే ఈ ఖర్చు పెట్టుకోవాలి. కిరాయిదారు మీద వేయడం అన్యాయం.

హాలోజన్ తీసి ఎల్ఈడీ పెడితే గాజుల రాళ్లు మెరవవని లాడ్ బజార్ వాళ్లు అంటారు. మన లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, వాటి మెరుపు విలువ నాకూ తెలుసు. రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ 90కి పైన ఉన్న ఎల్ఈడీ స్పాట్ లైటు అడగండి, మెరుపు ఎక్కడికీ పోదు. ఇంట్లో తెల్లటి ఆసుపత్రి వెలుగు వద్దనుకునేవాళ్లు 2700 లేదా 3000 కెల్విన్ అడిగి తీసుకోండి, పాత పసుపు వెలుగే వస్తుంది. ఖరీదు ఎక్కువనే మాటకు లెక్క చాలు. ఆరు హాలోజన్లు 300 వాట్లు. రోజుకు ఐదు గంటలు వేస్తే నెలకు 45 యూనిట్లు. ఏడు వాట్ల ఎల్ఈడీలు ఆరు పెడితే ఆరు యూనిట్ల చిల్లర. గృహజ్యోతి ఉచిత కరెంటు పథకంలో 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లు మనమే కట్టాలని తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

నాకు అన్నిటికంటే మంట పుట్టించేది సగం పని. ఎలక్ట్రీషియన్ వస్తాడు, హాలోజన్ పీకి ఎల్ఈడీ గుచ్చి, సీలింగ్‌లోని పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను అలాగే వదిలి డబ్బులు తీసుకుని పోతాడు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ చేసింది 50 వాట్ల బల్బు కోసం. ఐదు వాట్లు దానికి ఆనదు. లైటు మిణుకుమిణుకుమంటుంది, నెలల్లోనే పోతుంది, ఎల్ఈడీలే దండగని ఇంటాయన మళ్లీ హాలోజన్ తెచ్చి పెడతాడు. రెండు పిన్నుల 12 వోల్టుల బల్బు అయితే ట్రాన్స్‌ఫార్మర్ తీసి ఎల్ఈడీ డ్రైవర్ వేయించండి. లేదంటే ఆ హోల్డరే మార్పించి నేరుగా 230 వోల్టుల మీద నడిచే జీయూ10 ఎల్ఈడీ పెట్టించండి. మాడిన వైరు ముక్క కోసి పారేసి కొత్తది వేసేదాకా పని అయినట్టు కాదు. ఎల్ఈడీ కూడా వెనక వేడెక్కుతుంది, హాలోజన్ అంత కాకపోయినా. దాని వెనక గాలి ఆడేంత ఖాళీ ఉంచమనండి.

రెండో సగం పని బజారులో జరుగుతుంది. పేరు లేని, గుర్తు లేని ఎల్ఈడీలు కుప్పపోసి అమ్ముతున్నారు. వాటిలో కొన్నిటికి లోపలి డ్రైవర్ ఎంత నాసిగా ఉంటుందంటే, బల్బు అల్యూమినియం ఒంటికే కరెంటు వచ్చే ప్రమాదం ఉంది. ట్రూప్ బజార్‌లో కొన్నా, గల్లీ దుకాణంలో కొన్నా, డబ్బా మీద ఐఎస్ 16102 అని, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అక్కడే సరిచూసుకోండి. అది లేని బల్బు ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

ప్రభుత్వాన్ని కూడా అడగాలి. ఉజాలా పథకం 2015లో మొదలై దేశమంతా 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంచింది. మంచిదే. కానీ పంచింది ప్రధానంగా మామూలు హోల్డరులో పెట్టే గుండ్రటి బల్బు. సీలింగ్ సందులో మాడుతున్న చిన్న బల్బును ఎవరూ పట్టించుకోలేదు. ఐరోపా దేశాల్లో 230 వోల్టుల హాలోజన్ స్పాట్ బల్బులను 2016లోనే మార్కెట్ నుంచి తప్పించడం మొదలుపెట్టారు. బ్రిటన్ 2021లో చాలా రకాల హాలోజన్ల అమ్మకానికి ముగింపు పలికింది. మన షాపుల్లో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. దుకాణం మీద కాపురం ఉన్న ప్రతి ఇంటినీ కరెంటు సంస్థ టీజీఎస్పీడీసీఎల్, అగ్నిమాపక శాఖ కలిసి వచ్చి చూడాలి. మీటరు మీద ఎంత లోడు రాయించుకున్నారో, నిజంగా ఎంత నడుస్తోందో తేల్చాలి. కనెక్షన్ కోసి పోవడం కాదు, ఏది మార్చాలో కాగితం మీద రాసిచ్చి, మార్చేదాకా వెంటపడాలి.

ఆషాఢానికి ఇల్లు కడుక్కుంటాం, సున్నం వేయించుకుంటాం. నిచ్చెన ఎలాగూ ఇంట్లోకి వస్తుంది. ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ఎదురుగా నిలబడి ప్రతి డౌన్‌లైటూ విప్పించండి. యజమాని ఒప్పుకోకపోతే గల్లీలోని నలుగురు కిరాయిదారులు కలిసి వెళ్లి అడగండి. ఈ కాగితం చదివాక పక్కింటివాళ్లకు ఇవ్వండి.