నేపథ్యాన్ని చెరిపివేసే వారితో పేచీ

పక్షుల ఫోటోలు తీసే మన ఔత్సాహికులతో నాకొక పేచీ ఉంది. ఏటా శీతకాలంలో కైకలూరు దగ్గరి ఆటపాకకు వెళ్ళి గూడబాతులను చిత్రించి తెస్తారు. ముక్కు కొసన వేలాడే నీటిబొట్టు సైతం స్ఫుటంగా కనిపిస్తుంది. పక్షి వెనుక మాత్రం మీగడ పరచినట్టు ఒకటే మసక. ఆ మసకను జపాను మాటతో 'బోకె' అని పిలుచుకొని మురిసిపోతారు. నేపథ్యం ఎంత కరిగిపోతే ఫోటో అంత ఉత్తమమని వీరి సిద్ధాంతం. ఆ సిద్ధాంతం పొరపాటనీ, కొల్లేటి విషయంలో అపచారమనీ నా వాదం.

మసక పుట్టుక నాకు తెలియక అంటున్న మాట కాదిది. కటకపు నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ సంఖ్య. 300 మిల్లీమీటర్ల కటకాన్ని ఎఫ్/2.8 దగ్గర తెరిస్తే రంధ్రం సుమారు 107 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అంత పెద్ద ద్వారం గుండా వచ్చిన కిరణాలు, మనం దృష్టి నిలిపిన దూరంలోని వస్తువుకే చుక్కగా కూడుకుంటాయి. వెనుకనున్న ప్రతి చుక్కా బిళ్ళగా పరచుకుంటుంది. ఫుల్‌ఫ్రేం కెమెరాలో, పక్షి పది మీటర్ల దూరంలో ఉంటే, స్పష్టంగా కనిపించే మందం జానెడైనా ఉండదు. ముచ్చటైన శాస్త్రమే, కాదనను.

అయితే ఆ జానెడు దాటి మీరు చెరిపినదేమిటి? గూళ్ళు కట్టుకోవడానికి చెట్లు చాలక అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్లు. నీటిని కప్పేసిన గుర్రపుడెక్క. చేపల చెరువుల గట్లు. ఆ గట్ల నడుమ దోనె నడుపుకొనే మనిషి. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించిన సరస్సు ఇది. 2002లో రామ్సర్ జాబితాకెక్కింది. 2006లో చెరువుల గట్లను పేల్చి, కూల్చారు. తరువాత అవి మళ్ళీ లేచాయి. ఇంత చరిత్ర పక్షి వెనుకనే నిలబడి ఉంటే, రంధ్రం వెడల్పు చేసి దాన్నంతా మీగడగా మార్చేస్తారా? అది చూసినవారు కొల్లేరు చల్లగానే ఉందనుకోరా?

మరొక మాట. నేపథ్యం అంటే మనవాళ్ళు పక్కన పెట్టదగినదనుకుంటున్నారు. సంస్కృత నాటకంలో నేపథ్యమంటే తెర వెనుక చోటు. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడు లేడిని తరుముకొచ్చి బాణం ఎక్కుపెట్టినప్పుడు, అది ఆశ్రమ మృగమనీ చంపరాదనీ హెచ్చరిక వినిపించేది ఆ నేపథ్యం నుంచే. ఆ గొంతు నొక్కేస్తే లేడి బతకదు, కథ నడవదు. కొల్లేటి పక్షి తరఫున పలకవలసిన గొంతు కూడా దాని వెనుకనే ఉంది.

"మన కన్ను కూడా ఒక్కదాని మీదే నిలుస్తుంది కదా" అని నాతో వాదించేవారున్నారు. నిలుస్తుంది, మరుక్షణం కదులుతుంది. మసకబారిన ఫోటోలో చూపరి కంటికి ఆ స్వేచ్ఛ ఏదీ? ఎక్కడ చూడాలో తీసినవారే శాసించి, తక్కినదానికి తలుపు మూసేశారు. ఒక ముఖాన్ని చూపవలసినచోట, వెనుక కరెంటు తీగల గందరగోళం ఉన్నచోట మసక సాయపడుతుంది. సాయపడేదాన్ని శాస్త్రం చేసి కూర్చోబెట్టడమే తప్పు. 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ ప్రభృతులు తమ బృందానికి 'గ్రూప్ ఎఫ్/64' అని పేరు పెట్టుకున్నారు. అతి చిన్న రంధ్రం పేరది. దగ్గరి రాయీ దూరపు కొండా సమానంగా స్పష్టపడాలన్నది వారి పట్టు. వారికి కళ తెలియదందామా?

ఉపాయమూ చెబుతాను. అదే ఫుల్‌ఫ్రేం కెమెరాకు 35 మిల్లీమీటర్ల కటకం తగిలించి, ఎఫ్/8 దగ్గర ఉంచి, అయిదు మీటర్ల దూరంపై దృష్టి నిలపండి. సుమారు రెండున్నర మీటర్ల నుంచి దిగంతం దాకా స్ఫుటంగా వస్తుంది. ఎఫ్/2.8తో పోలిస్తే వెలుతురు ఎనిమిదో వంతే అందుతుంది. మన ప్రాంతపు ఎండకు అదేమీ లోటు కాదు. పక్షి చిన్నదవుతుందంటారా? కానివ్వండి. అంత నీటిలో అది ఎంత చిన్నదో, దానికి ఎంత కొద్ది చోటు మిగిలిందో కూడా తెలియాలి కదా.

మీ మీగడ ఫోటోలు మానమనను. ప్రతి మసక ఫోటో పక్కన, అదే చోట నిలబడి తీసిన ఒక నిండు ఫోటో పెట్టండి. రెండూ చూసిన తరువాత ఏది కొల్లేరో చదువరులే చెబుతారు.