అద్దె పోగా మిగిలేదెంతో అడిగేవాళ్లు లేరా?

ఏడాదికి రెండు లక్షలు. అంటే నెలకు రూ.16,666. తెలంగాణ పట్టణాల్లో ఒక కుటుంబానికి ఇంతకు మించి వస్తే ఆహార భద్రత (రేషన్) కార్డుకు అర్హత లేదు. ఈ హద్దు 2014 నాటిది. ప్రభుత్వం మారింది, ముఖ్యమంత్రి మారారు, 2025లో కొత్త కార్డులు పంచారు. హద్దు మాత్రం అక్కడే ఉంది. పప్పు, నూనె, బడి ఫీజు, ఇంటద్దె ఏటేటా ఎక్కుతుంటే చూస్తూ కూర్చున్నవాళ్లకు ఈ ఒక్క అంకెను ముట్టుకోవడానికి ఇన్నేళ్లూ తీరిక దొరకలేదా?

హైదరాబాద్‌లో, బోరబండలోనో మూసాపేటలోనో సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్‌లో ఉండే ఓ కుటుంబం లెక్క చూడండి. భర్త అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ గార్డు, జీతం 13,000. భార్య బట్టల షాపులో పనిచేసి 9,000 తెస్తుంది. ఇద్దరిదీ కలిపి 22,000. ఏడాదికి 2,64,000. కాగితం మీద వీళ్లు గట్టెక్కినవాళ్లు. అద్దె 8,000. నీళ్లు, మెయింటెనెన్స్ పేరుతో ఇంకో వెయ్యి. ఓనరుకు ఇవ్వాల్సింది ఇచ్చాక మిగిలేది 13,000. పిల్లల చదువు, తిండి, మందులు, ఊళ్లో ముసలి తల్లికి పంపాల్సింది, అన్నీ అందులోంచే. అదే బస్తీలో తాతలనాటి రెండు గదుల సొంతిల్లు ఉండి నెలకు 16,000 తెచ్చుకునే కుటుంబానికి ఆ 16,000 చేతిలో ఉంటాయి. కార్డు వాళ్లకుంది. ఉండాలి కూడా. ఆ డబ్బుతో ఈ నగరంలో నెల గడపడం ఎంత నరకమో నాకు తెలుసు. వాళ్ల మీద నాకు ఈర్ష్య లేదు. చేతికి 13,000 మిగిలేవాళ్లను ఉన్నవాళ్లని రాసేసి, మళ్లీ ఆ వంక చూడని యంత్రాంగం మీదే నా కోపమంతా.

ఆ కార్డు పోతే పోయేది బియ్యం ఒక్కటే అయితే పళ్లు బిగబట్టి ఊరుకోవచ్చు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల ఉచిత కరెంటుకు ఆ కార్డే కావాలి. 500 రూపాయల గ్యాస్ సిలిండర్‌కూ అదే అడుగుతారు. పది లక్షల ఆరోగ్యశ్రీకీ ఇన్నాళ్లూ అదే ఆధారం. నెలకు వెయ్యి రూపాయలు జీతం పెరిగి హద్దు దాటితే ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. కొంచెం కొంచెంగా తగ్గడమన్నది లేదు. అందుకే జనం ఆదాయం తక్కువ చెప్పి రాయించుకుంటారు. ఉన్నదున్నట్టు చెప్పినవాళ్లు నష్టపోతారు. మనుషులను అబద్ధానికి తోసే నిబంధన పెట్టి, తర్వాత అనర్హుల ఏరివేత అంటూ మళ్లీ వాళ్లనే దొంగల్లా చూడటం ఏం న్యాయం?

ఇక ఇల్లు. ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చిలో భద్రాచలంలో ప్రారంభించారు. ఐదు లక్షల సాయం, మంచిదే. కానీ మొదటి విడతలో ప్రాధాన్యం సొంత జాగా ఉన్నవాళ్లకు. దరఖాస్తులను మూడు జాబితాలు చేశారు. వాటిలో జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగా, ఇల్లు రెండూ లేనివాళ్లు ఎల్-2. హైదరాబాద్‌లో అద్దెకుండే పేదకు అరవై గజాల జాగా ఎక్కడి నుంచి వస్తుంది? అసలేమీ లేనివాళ్లు రెండో జాబితాలో పడ్డారు. అక్కడి దాకా వెళ్లాలన్నా ముందు దారిద్య్రరేఖకు దిగువన ఉన్నామని తేలాలి. మన గార్డు కుటుంబానికి ఆ గడప దగ్గరే తలుపు మూసేశారు.

కేంద్రం పట్టణ ఆవాస్ యోజనలో ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయముంటే ఆర్థికంగా బలహీన వర్గమే. అంటే ఇదే కుటుంబం ఢిల్లీ కాగితాల్లో పేద, హైదరాబాద్ కాగితాల్లో కాదు. పోనీ కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ అందుకుందామంటే అది గృహరుణం తీసుకున్నవాళ్లకు. జీతం చేతికిచ్చి పంపే షాపు పే స్లిప్పు ఇవ్వదు. పే స్లిప్పు లేనివాళ్లకు అప్పు పుట్టడమే గగనం.

ఈలోగా ఓనరు వచ్చి, "వచ్చే నెల నుంచి ఇంకో వెయ్యి వేసివ్వండి, లేదంటే మా అమ్మాయి వాళ్లు వస్తున్నారు, ఖాళీ చేయండి" అంటాడు. ఖాళీ చేస్తే కొత్త అడ్వాన్సు, బ్రోకరు కమీషన్, ఆటో ట్రాలీ కిరాయి, పిల్లల బడి మార్పు. అందుకే ఆ వెయ్యి కడతారు. ఆ నెల కూరగాయల్లో కోత పడుతుంది. ఇది ఏ అర్హత పత్రంలోనూ కనిపించదు.

అద్దెకుండే ఇంతమంది గోడు ఏ నాయకుడి చెవికీ ఎందుకు ఎక్కదో నాకు తెలుసు. చాలామంది ఓటు ఇంకా సొంతూరి జాబితాలోనే ఉంది. ఏడాదికో ఇల్లు మారేవాళ్లకు సంఘం లేదు, ధర్నాకు వెళ్తే ఆ రోజు జీతం రాదు.

రెండు లక్షల హద్దును ఈ ఏడాదే సవరించండి. అద్దె తీసేసి ఆదాయం లెక్కగట్టండి. ఓనరు రసీదు ఇవ్వకపోయినా నెలనెలా ఫోన్‌లో పంపిన డబ్బుకు సాక్ష్యం బ్యాంకులోనే ఉంది. హద్దు దాటినవాళ్ల సాయాన్ని ఒక్కసారిగా కోయకుండా విడతలుగా తగ్గించండి. ఎల్-2 జాబితాలో ఉన్నవాళ్లకు ఇల్లు ఎప్పుడిస్తారో తేదీ చెప్పండి. సొంతింట్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకూ ఒక విన్నపం: మీ గడపకు ఓట్లడగడానికి వచ్చినవాళ్లను ఈ నాలుగూ అడగండి.