పంపు బ్యాటరీ కాలితే తప్పు రైతుదేనా?

మందు కొట్టే పంపు బ్యాటరీ పాడైందని దుకాణానికి పోతే దొరికే జవాబు ఒక్కటే: "రాత్రంతా చార్జింగ్ పెట్టి ఉంటావు." సూర్యాపేటలో అడిగినా, కోదాడలో అడిగినా, మిర్యాలగూడలో అడిగినా ఇదే మాట. నాకూ ఇదే చెప్పారు.

పోయిన పత్తి కాలంలో నా పంపు బ్యాటరీ పని చేయడం మానేసింది. మరమ్మతు చేసే ఒకాయన "ఇది తీసేసి లిథియం వేస్తా, తేలికగా ఉంటది, రోజంతా నడుస్తది" అన్నాడు. బిల్లు ఇవ్వలేదు. చార్జర్ పాతదే వాడుకొమ్మన్నాడు. నెల తిరగకముందే చార్జింగ్‌లో ఉండగా బ్యాటరీ తొడుగు కరిగి కమురు వాసన వచ్చింది. పగటిపూట కాబట్టి నా భార్య పసిగట్టి ప్లగ్గు పీకింది. అదే అర్ధరాత్రి అయితే? పంపు పక్కనే యూరియా బస్తాలు, మందు డబ్బాలు, ఆ గోడ అవతల మేం పడుకునే గది.

తప్పు ఎవరిదో లెక్క వేసి చూద్దాం. పంపుతో వచ్చే బరువైన 12 వోల్టుల బ్యాటరీ లెడ్ యాసిడ్‌ది. దాని చార్జర్ సుమారు 14.4 వోల్టుల దాకా ఎక్కిస్తుంది. దాని స్థానంలో వేసే లిథియం ప్యాకుల్లో చాలావాటికి వరుసగా 3 సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్ 4.2 వోల్టులకు మించి తట్టుకోదు. మూడూ కలిపితే 12.6. పాత చార్జర్ పెడితే ఒక్కో సెల్ మీద 4.8 వోల్టులు పడతాయి. ఇక అది కాలక ఏమవుతుంది? "చార్జర్ అదే వాడుకో" అన్నవాడిది తప్పా, ఆ మాట నమ్మినవాడిది తప్పా?

సరైన చార్జర్ ఉన్నా అంతటితో అయిపోదు. చార్జర్ చూసేది మొత్తం లెక్కే. మూడు సెల్స్‌లో ఒకటి 4.10, ఇంకొకటి 4.15, మూడోది 4.35 దగ్గర ఉన్నా మొత్తం 12.6 అవుతుంది. చార్జర్‌కు అంతా బాగున్నట్టే. లోపల మూడో సెల్ మాత్రం హద్దు దాటి చెడిపోతుంటుంది. అందుకే ప్యాకులో బీఎంఎస్ అనే చిన్న బోర్డు ఉండాలి. ఒక్కో సెల్‌ను విడిగా కనిపెట్టి, ఏది హద్దు దాటినా కరెంటు ఆపేది అదే. సెల్స్‌ను సమానం చేసే ఏర్పాటు కూడా ఆ బోర్డులో ఉండాలి. చవక బోర్డుల్లో అది ఉండదు. చవక ప్యాకుల్లో అసలు బోర్డే ఉండదు. దాని ఖరీదు ఒక మంచి పురుగుమందు డబ్బా ధరకు కూడా రాదు. ఆ కాస్త మిగుల్చుకోవడానికి మన ఇల్లు పణంగా పెడుతున్నారు.

చచ్చిన ఒక్క సెల్ తీసి పాత ల్యాప్‌టాప్ సెల్ అతికించడం ఇంకో పని. కాడికి ఒక పక్క కోడె, ఇంకో పక్క ముసలి ఎద్దు కడితే అరక ఎట్లా సాగుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సర్కారుకు ఈ ప్రమాదం తెలియదా? తెలుసు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటలకు పైన లాడ్జిలో ఉన్న 8 మంది బలయ్యారు. ఆ తర్వాత ఏఐఎస్ 156 ప్రమాణాలను గట్టిచేసి 2022 డిసెంబర్‌లో ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమలులోకి తెచ్చారు. కానీ అవి బండ్లకు. రైతు వీపు మీద మోసే పంపుకు కాదు. లిథియం సెల్స్‌కు ఐఎస్ 16046 కింద బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని నిబంధన ఉంది. మన ఊళ్లకు వచ్చే ప్లాస్టిక్ చుట్టిన ప్యాకుల మీద కంపెనీ పేరే కనబడదు. తనిఖీ చేసేదెవరు?

ఇప్పుడు డ్రోన్లు వస్తున్నాయి. నమో డ్రోన్ దీదీ కింద దేశంలో 15 వేల మహిళా సంఘాలకు 80 శాతం సబ్సిడీతో ఇస్తామన్నారు. వాటి బ్యాటరీలు మన పంపు బ్యాటరీకి ఎన్నో రెట్లు పెద్దవి. ఎగరడం నేర్పితే చాలదు. చార్జింగ్ గది ఎట్లా ఉండాలో, దెబ్బతిన్న బ్యాటరీని ఏం చేయాలో కూడా నేర్పాలి.

మన తప్పులూ ఒప్పుకుందాం. గడ్డివాము పక్కన, మంచం కింద చార్జింగ్ పెట్టేది మనమే. ఎండలో మందు కొట్టి వచ్చి వేడి బ్యాటరీకే ప్లగ్గు పెట్టేది మనమే. బ్యాటరీ చల్లారాక, మనిషి మెలకువగా ఉన్నప్పుడు, గచ్చు నేల మీద పెట్టండి. ఉబ్బినదాన్ని, నీళ్లలో పడ్డదాన్ని మళ్లీ చార్జ్ చేయొద్దు. పొగ వస్తే మెయిన్ ఆపి, మనుషులను బయటికి పంపి, 101కి ఫోన్ చేయండి. ఆ పొగ విషం. సీజన్ అయిపోయాక లెడ్ యాసిడ్ బ్యాటరీని ఖాళీగా మూలన పడేయొద్దు, నిండా చార్జ్ చేసి పెట్టండి. లిథియం అయితే సగం చార్జింగ్‌తో దాచండి.

మన జాగ్రత్త అమ్మేవాడి బాధ్యతను రద్దు చేయదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువు వల్ల నష్టం జరిగితే తయారు చేసినవాడినీ అమ్మినవాడినీ అడగవచ్చు. రూ. 5 లక్షల లోపు వస్తువుకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్ల లోపు కేసు వేయాలి. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. కాబట్టి బిల్లు లేకుండా బ్యాటరీ కొనొద్దు.

మన డిమాండ్లు ఇవి:

1. పంపు బ్యాటరీలకూ భద్రతా ప్రమాణాలు పెట్టాలి. బీఎంఎస్ లేని ప్యాకుల అమ్మకం ఆపాలి.
2. ప్రతి ప్యాకుతో దానికి సరిపోయే చార్జర్, తెలుగులో సూచనల కాగితం ఇవ్వాలి.
3. సబ్సిడీ పంపులు, డ్రోన్లు ఇచ్చే ముందు రైతు వేదికల్లో చార్జింగ్ మీద శిక్షణ ఇవ్వాలి.
4. వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత 2022 నిబంధనల ప్రకారం తయారీదారులదే. ప్రతి మండలంలో సేకరణ కేంద్రం పెట్టించాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాలకు మీ పంపు, చార్జర్ రెండూ తీసుకురండి. చార్జర్ మీద రాసిన వోల్టులు, బ్యాటరీ మీద రాసిన వోల్టులు పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా ఉన్న ప్రతిదాన్నీ రాసి, ఆ జాబితా వ్యవసాయ అధికారి బల్ల మీద పెడదాం. "రైతు నిర్లక్ష్యం" అన్న మాట అప్పుడు అనమందాం!