కట్టనీకి పైసలుంటయ్, మరమ్మతుకు ఎందుకుండయ్?

మన దగ్గర సర్కారు ఇల్లంటే శిలాఫలకం, తాళంచెవి, ఫొటో. నలభై ఏండ్లకు ఆ ఇల్లు ఉరుస్తే ఎవరు చూడాలె అన్న ముచ్చట ఏ మీటింగుల రాదు. ఒంటి ఇల్లయితే ఎవలది వాళ్లు చూసుకుంటరు. నాలుగంతస్తుల బిల్డింగుల పిల్లర్ పగిలితే అది ఎవరి పిల్లర్?

గీ ప్రశ్నకు యాభై ఏండ్ల కిందనే చట్టం రాసుకున్న ఊరు బొంబాయి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అంటరు గదా, అండ్ల నడిమిది. కామాటిపురకు ఆ పేరే మన కామాటీల మీద వచ్చింది. వర్లి బీడీడీ చాళ్లల్ల మిల్లు పనికి పోయిన పద్మశాలి కుటుంబాలు తరాల సంది ఉన్నయ్. గిది పరాయి ఊరి వార్త కాదు.

1947ల వచ్చిన కిరాయి చట్టం బొంబాయి కిరాయిలను 1940 సెప్టెంబర్ 1 నాటి రేటు కాడ ఆపింది. అది లేకుంటే మిల్లు కూలీలు ఆ నగరంల నిలువకపోదురు. కానీ ఓనర్లు రిపేర్లు బంద్ చేసిన్రు. వానకాలం వస్తే పాత బిల్డింగులు కూలుడు మొదలైంది. అప్పుడు 1969ల రిపేర్ల బోర్డు చట్టం తెచ్చిన్రు. పాత బిల్డింగుల మీద ఆస్తిపన్నుతోటి సెస్సు వసూలు చేయాలె, సర్కారు కొంత కలపాలె, ఆ పైసలతోని బోర్డే మరమ్మతు చేయాలె. మొదట్ల 19,642 బిల్డింగులు లెక్కల ఉండె. ఇప్పుడు ఆ బోర్డు మ్హాడా కింద నడుస్తున్నది.

ఆలోచన బంగారమే. లెక్కనే తప్పింది. సెస్సు కిరాయిని బట్టి కట్టే విలువ మీద ఉంటది. కిరాయి ఆగితే సెస్సు ఆగుతది, సిమెంటు, స్టీలు, కూలి ఆగయి గదా! పైంగ చదరపు మీటరుకు ఇంతే అని ఖర్చుకు హద్దు. దాటితే మిగిలింది ఉన్నోళ్లే పెట్టుకోవాలె, లేకుంటే బిల్డింగు కూల్చుడు లిస్టులకు పోతది. ఖాళీ చేసి ట్రాన్సిట్ క్యాంపుకు పోయినోళ్లు కొందరు అండ్లనే ముసలోళ్లయిన్రు. అది చూసినోళ్లు నోటీసు వచ్చినా కదలరు. 2017 ఆగస్టు 31న పాక్మోడియా వీధిల హుస్సేనీ బిల్డింగు కూలి 33 మంది సచ్చిపోయిన్రు. వాళ్లెందుకు కదల్లేదని టీవీల అడిగేటోళ్లు, పోతే ఎన్నడు తిరిగొస్తరో రాసిచ్చినోళ్లు ఎవరో కూడా అడగాలె.

ఇప్పుడు అందరు చెప్పే మందు రీడెవలప్‌మెంట్. బీడీడీ చాళ్లల్ల 160 చదరపు అడుగుల గదికి బదులు 500 అడుగుల ఫ్లాటు, పైసా తీసుకోకుండ. 2025 ఆగస్టుల వర్లిల 556 కుటుంబాలకు తాళాలిచ్చిన్రు. సంతోషమే. కానీ ఆ పైసలు మిగిలిన జాగల టవర్లు కట్టి అమ్ముడుతోని వస్తయ్. వర్లిల సముద్రం పక్క జాగ కాబట్టి నడిచింది. సిరిసిల్లల నడుస్తదా? నలభై అంతస్తుల లిఫ్టు బిల్లు నెలనెలా ఎవరు కడుతరు?

ఇగ మన దిక్కు చూడుర్రి. కొల్లూరుల ఒక్కకాడనే 15,660 డబుల్ బెడ్రూం ఇండ్లు, పదకొండంతస్తుల దాకా. ఆంధ్రల టిడ్కో బిల్డింగులు. ఇయ్యన్నీ పేదోళ్ల అపార్ట్‌మెంట్లే. లిఫ్టు, మోటరు, డ్రైనేజీ ఖరాబయితే కూలికి పోయే మనిషి చందా ఎన్నిసార్లు ఇస్తడు? కట్టిననాడే మరమ్మతు ఫండు బడ్జెట్ల పెట్టాలె, అది ధరలతోపాటు ఏటేటా పెరగాలె, ఖాతా లెక్క ప్రతి బ్లాకు గోడ మీద అతికించాలె. ఎమ్మెల్యే వస్తే కొత్త ఇండ్లు ఎన్ని అని అడుగుతం గదా, పాతయిటికి ఈ ఏడు ఎంత రాసిన్రో గూడ అడుగుర్రి.

ఇంకో మాట. మీ తాత పేరు మీద బొంబాయిల గది ఉన్నదా? కిరాయి రసీదు, కరెంటు బిల్లు, తాత మరణ సర్టిఫికెట్, వారసుల కాగితం ఇప్పుడే జమ చేసుకోర్రి. సర్వే వచ్చిననాడు ఎవరి పేరున్నదో దాని మీదనే కొట్లాట నడుస్తది.