మా మిద్దె మీద ఎంతుంది?

టవర్ నిలబెట్టిన రోజు నుంచి మా గల్లీ రెండు ముక్కలైంది. మేడ యజమాని భాయ్‌కి నెలనెలా కిరాయి. ఎదురింటి ఖాలాకు రోజూ ఫికర్. తల నొచ్చినా టవరే, మనవడికి నిద్ర పట్టకపోయినా టవరే. "అంతా ఝూట్, ఏం కాదు ఖాలాజాన్" అంటాడు భాయ్. ఆమె ఖౌఫ్‌కీ, ఆయన భరోసాకీ రెంటికీ సబూత్ లేదు.

రేడియో తరంగాలు కంటికి కనపడవు గానీ మీటరుకు దొరుకుతాయి. చదరపు మీటరు జాగా మీద ఎన్ని వాట్లు పడుతున్నాయో అది చెప్తుంది. 900 మెగాహెర్ట్జ్‌కు అప్పటి అంతర్జాతీయ హద్దు 4.5 వాట్లు. మన హుకూమత్ 2012 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని పదో వంతుకు, అంటే 0.45కు దించింది. 1800 మెగాహెర్ట్జ్‌కైతే 0.9. కాగితం మీద ఖానూన్ గట్టిదే.

మరి తూచేదెవరు? టవర్ నడిపే కంపెనీయే "మాది హద్దులోనే ఉంది" అని రాసిస్తుంది. టెలికాం శాఖ వాళ్లు అందులో కొన్నిట్ని ఏరి పరీక్షిస్తారు. 2017లో తరంగ్ సంచార్ అనే పోర్టల్ వచ్చింది. ఎవరైనా తమ జాగాలో కొలిపించుకోవచ్చన్నారు. ఫీజు 4000 రూపాయలు పెట్టారు. బట్టలు కుట్టి బతికే ఖాలాకు అది ఎన్ని రోజుల కమాయి? అడిగే హక్కుకు ధర కడితే ఇన్సాఫ్ ఎట్లయితది?

ఇంకో సంగతి. యాంటెనా తరంగాల్ని ఎదురుగా, కొంచెం కిందికి వంచి విసురుతుంది. అందుకే టవర్ కాళ్ల దగ్గర కొలిస్తే తక్కువే చూపిస్తుంది. యాంటెనా ఎత్తుకు దగ్గరగా ఉన్న ఎదురింటి మిద్దె మీద, పిల్లలు పతంగులు ఎగరేసే చోట మీటరు పెట్టాలి.

నేను టవర్‌కు దుష్మన్‌ను కాను. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ తరంగాల్ని 'క్యాన్సర్‌కు కారణం కావొచ్చు' అన్న జాబితాలో పెట్టింది. అవుతుందని తేల్చలేదు. పైగా టవర్ దూరమై సిగ్నల్ తగ్గితే, చెవికి ఆనించుకున్న ఫోనే ఎక్కువ జోర్ చేస్తుంది. కాబట్టి టవర్ పీకేయడం ఇలాజ్ కాదు.

నేను అడిగేది ఒకటే. కొలత ముఫ్త్‌గా చేయాలి. వచ్చిన అంకెను తేదీతో సహా గల్లీ మొగలో తెలుగులో, ఉర్దూలో బోర్డు రాసి పెట్టాలి.

ఇదంతా చెప్తే ఖాలా ఒక్క సవాలే వేసింది: "అయితే మా మిద్దె మీద ఎంతుంది బేటా?"

నా దగ్గర జవాబు లేదు. ఉన్నవాళ్లు వచ్చి ఆమెకు చెప్పాలి.