ఫోన్ చేసిన తర్జుమాతో మన కడుపులు కొలవొద్దు

పోస్టు పొడుగే. చాయ్ పక్కన పెట్టుకొని చదవండి. కానీ ప్రెస్సువానికి అడ్వాన్సు ఇవ్వకముందే చదవండి.

విషయం ఇది. జర్మనీలో పని చేసే మన జోడ్‌భావి పేట్ పిల్లవాడు ఒకడు కడుపు జబ్బు ఫారం ఒకటి గ్రూపులో వేశాడు. రెండు కాగితాలు. మొదటి దాంట్లో ఐదు ప్రశ్నలు, రెండో దాంట్లో లక్షణాల పట్టిక. ఐబీఎస్ అనే పేగుల జబ్బు ఎంత ఉన్నదో కొలిచే ఫారం అది. మనవాళ్ళు కొందరు దాన్ని ఫోన్‌లో వేసి తెలుగు చేశారు. ఐదు వందల కాపీలు కొట్టించి ఆరోగ్య శిబిరంలోనూ, విడీ ఘర్‌కుల్ దాకా ఇల్లిల్లూ తిరిగి నింపించుదామని అంటున్నారు. పిల్లవాడి మనసు మంచిది, దానికి దండం. ఈ తొందర మాత్రం మంచిది కాదు. మేము దీన్ని వ్యతిరేకిస్తున్నాం. ఎందుకో చెప్తాం.

ముందు జబ్బు సంగతి. ఐబీఎస్‌లో దుర్బీన్ వేసి చూసినా పేగు బాగానే కనబడుతుంది. మనిషికి మాత్రం నొప్పి వస్తుంది, ఒకరోజు జులాబ్, నాలుగు రోజులు అసలే కాదు. దీన్ని ఖాయంగా పట్టే రక్తపరీక్ష ఏదీ లేదు. 2016లో వచ్చిన రోమ్ నాలుగో నియమాల ప్రకారం, గడిచిన మూడు నెలల్లో సగటున వారానికి ఒక్కరోజైనా కడుపునొప్పి ఉండాలి. దానితో పాటు మూడింట్లో రెండు ఉండాలి: దొడ్డికి పోవడానికి నొప్పికి సంబంధం ఉండటం, పోయే లెక్క మారటం, పోయేదాని రూపం మారటం. మొదలై ఆరు నెలలైనా కావాలి. అంటే మొత్తం రోగి నోటి మాట మీదనే నిలబడి ఉన్నది. ఎక్స్‌రే చెడితే మళ్ళీ తీస్తారు. మాట చెడితే చెడిందని కూడా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఫోన్ చేసిన తెలుగు చూడండి. జర్మన్‌లో బెష్వేర్డెన్ అనే మాట ఉన్నది. ఒంట్లో బాధలను అట్లా అంటారు, ఫిర్యాదులనూ అదే మాటతో అంటారు. ఫోన్ ఏం రాసింది? "మీ పొత్తికడుపులో ఎన్ని రోజులుగా ఫిర్యాదులు ఉన్నాయి?" మేము రైల్వేలో ఉద్యోగమంతా ఫిర్యాదుల రిజిస్టర్ చూసినవాళ్ళం. ప్యాసింజర్ రాసేది ఫిర్యాదు. కడుపు ఎవరి మీద ఫిర్యాదు రాస్తుంది?

జర్మన్‌లో ష్టూల్ అంటే కుర్చీ, అదే మాట మలానికి కూడా. ఇంగ్లీషులో స్టూల్ కూడా అంతే. ఫోన్ ఒకచోట సరిగ్గా రాసి ఇంకోచోట కుర్చీ చేసింది. ఇవి నవ్వుకొని దిద్దుకునే తప్పులు, వీటితో భయం లేదు. భయం కంటికి కనబడని తప్పులతోనే.

"కడుపు నిండినట్టు అనిపిస్తుందా?" అని ఒక ప్రశ్న. అడిగింది ఉబ్బరం లాంటి బాధ గురించి. మన పేటలో కడుపు నిండటం అంటే ఏమిటి? ఒక పెద్దమ్మను అడగండి. "దేవుని దయ బిడ్డా, నిండుతుంది" అంటుంది. ఆమె దండం పెట్టి చెప్పిన మాటను మనం రోగం గడిలో టిక్కు పెడతాం.

"మీ ప్రేగు అలవాట్లతో మీరు సంతృప్తిగా ఉన్నారా?" అని ఇంకొకటి. మగవాళ్ళను "అలవాటు ఉన్నదా" అని అడిగితే మన దగ్గర ఒకటే అర్థం: తంబాకు, మందు. భార్య పక్కన కూర్చుంటే లేదనే అంటాడు.

"విరేచనం" చూడండి. ఆంధ్ర వైపు "విరేచనం అయిందా" అంటే మామూలుగా పోయావా అని. "విరేచనాలు అవుతున్నాయా" అంటే నీళ్ళలాగా పోతున్నదా అని. ఒక్క బహువచనంతో ఆరోగ్యం రోగమైపోయింది. మన ఇళ్ళల్లో ఈ రెండూ అనరు. సండాస్‌కు పోవుడు అంటారు, జులాబ్ అంటారు, కడుపు సాఫ్ కాలేదంటారు. పిత్తం సంగతి ఇంకా చిక్కు. మరాఠీ లెక్కన పిత్త్ అయిందంటే పులితేన్పులు, ఛాతీలో మంట. తెలుగు లెక్కన పైత్యం అంటే తల తిరగటం, వాంతి వచ్చినట్టుండటం. మన ఒక్క ఇంట్లోనే అత్త ఒక అర్థంతో, కోడలు ఇంకో అర్థంతో ఆ మాట వాడుతారు.

దీనికి గ్రూపులో మూడు జవాబులు వచ్చాయి. మూడింటికీ మా జవాబు వినండి.

ఒకటి, "తెలుగు ఎందుకు, మరాఠీ ఫారం పెట్టండి, అందరికీ వస్తుంది." బజారులో వస్తుంది, కచేరీలో వస్తుంది. నొప్పి లేచినప్పుడు మనిషి ఇంటి మాటనే అంటాడు. బీడీలు చుట్టే మన అక్కలు, అత్తలు ఇంట్లో తెలుగే మాట్లాడుతారు. సండాస్ సంగతి పరాయి భాషలో, అదీ చిన్న పిల్లవాడు అడిగితే, తల ఊపి అన్నిటికీ "హో" అంటారు. అది జవాబు కాదు, మర్యాద.

రెండు, "హైదరాబాదు నుంచి శుద్ధమైన తెలుగు రాయించుదాం." రాయిస్తే "మలవిసర్జన", "అసౌకర్యం", "అరుదుగా" అని వస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మన తాతముత్తాతలు మగ్గాల పని మీద ఇక్కడికి వచ్చి తరాలైంది. మన తెలుగులో మరాఠీ కలిసింది. అది తప్పు తెలుగు కాదు, మన తెలుగు. పైగా మన పిల్లలు చాలామంది చదివింది మరాఠీ మీడియంలో. మేము చదివింది తమిళ మీడియంలో, తెలుగు అక్షరం పెద్దయినాక కూడబలుక్కొని నేర్చుకున్నదే. చేతికి తెలుగు కాగితం ఇస్తే చదవలేని తెలుగువాళ్ళు మన పేటలో ఎంతమందో లెక్కపెట్టండి. కాబట్టి ఇది చదివి వినిపించే ఫారం కావాలి. సొంతంగా నింపే ఫారం వేరు, ఒకరు అడిగి నింపే ఫారం వేరు. రెండింటినీ వేరుగా పరీక్షించాలి.

మూడు, "జర్మనీ ఫారం కదా, అక్కడ పరీక్షించే ఉంటారు." ఇది అన్నింటికన్నా పెద్ద తప్పు. ఆ ఐదు ప్రశ్నల ఫారం పుట్టింది జర్మనీలో కాదు. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో తయారై 1997లో బయటికి వచ్చింది. ఒక్కో ప్రశ్నకు 100 మార్కులు, మొత్తం 500. 75 నుంచి 175 దాకా కొద్దిగా, 300 దాకా మధ్యరకం, ఆ పైన తీవ్రం. జర్మన్ డాక్టర్లు దాన్ని తమ భాషలోకి మార్చి ఊరుకోలేదు. తమ రోగుల మీద మళ్ళీ పరీక్షించి 2013లో ఆ ఫలితాలు అచ్చువేశారు. ఇంగ్లీషుకు పక్కింటి భాష జర్మన్. వాళ్ళకే అంత అవసరం పడితే, వాళ్ళ ఫారాన్ని మనం ఫోన్‌లో వేసి పంచుతామా?

ఇంకో సాక్ష్యం. రోమ్ నియమాల్లో 2006 దాకా "నొప్పి లేదా అసౌకర్యం" అని ఉండేది. 2016లో అసౌకర్యం అనే మాటను తీసేశారు. కొన్ని భాషల్లో దానికి సరైన మాట లేదు, ఉన్నచోట ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీసుకుంటున్నారని. ప్రపంచమంతటి పెద్ద డాక్టర్లు ఒక మాట కోసం నియమాన్నే మార్చుకున్నారు. మనం కాపీలు ఆపుకోలేమా?

మన పనిలో దీన్ని వేరే చెప్పాల్సిన పని లేదు. ఒక జకార్డ్‌కు కొట్టిన అట్టలు తెచ్చి హుక్కుల లెక్క వేరే ఉన్న జకార్డ్‌కు వేస్తే చద్దర్ మీద నెమలి రాదు. అట్టల తప్పు లేదు, మగ్గం తప్పూ లేదు. నమూనా నేసి చూడకుండా పూర్తి బీమ్ ఎక్కించినవాడిదే తప్పు.

అన్నింటికన్నా ముఖ్యమైనది చివరికి ఉంచాం. ఈ ఫారం రోగాన్ని పట్టేది కాదు. ఐబీఎస్ ఉన్నదని డాక్టర్ తేల్చినాక, ఎంత ఉన్నదో కొలిచేది. శిబిరంలో టేబుల్ వేసుకొని దీంతో "నీకు ఐబీఎస్, టెన్షన్ తగ్గించుకో" అని చెప్పి పంపితే ఏమవుతుంది? దొడ్డిలో రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గటం, ఒంట్లో రక్తం తగ్గటం, రాత్రి నిద్రలో లేపే జులాబ్, యాభై దాటినాక కొత్తగా మొదలైన బాధ, ఇంట్లో ఎవరికైనా పేగుల క్యాన్సర్ ఉండటం, ఇవి వేరే సంగతులు. పేగుల టీబీ కావచ్చు, క్యాన్సర్ కావచ్చు. మన ఆడవాళ్ళు రక్తం పడితే మూలవ్యాధి అనుకొని నోరు మూసుకుంటారు. అట్లాంటి అక్కకు మనం సంఘం ముద్ర ఉన్న కాగితం మీద "మధ్యరకం" అని రాసిస్తే, ఆమె ఇంకో ఆరు నెలలు దవాఖానాకు పోదు. ఆ ఆరు నెలల లెక్క ఎవరు చెప్తారు?

ఊరికే వద్దనడం మాకూ ఇష్టం లేదు. చేయాల్సింది ఇది:

1. ఫారం రాసినవాళ్ళ దగ్గర తర్జుమాకు అనుమతి తీసుకోవాలి.

2. ఇద్దరు వేరువేరుగా తెలుగు చేయాలి. అందులో ఒకరు మన పేట మాట తెలిసినవారు కావాలి. తరువాత కూర్చొని రెండూ కలిపి ఒకటి చేయాలి.

3. అసలు ఫారం చూడనివాడు దాన్ని తిరిగి జర్మన్‌లోకో ఇంగ్లీషులోకో మార్చాలి. ఎక్కడ అర్థం జారిందో అప్పుడే బయటపడుతుంది.

4. ఒక ఎనిమిది మందితో కూర్చోవాలి: బీడీ అక్కలు, పవర్‌లూమ్ కార్ఖానా తమ్ముళ్ళు, ముసలివాళ్ళు, మరాఠీ మీడియం పిల్లలు. ప్రశ్న చదివి "జవాబు చెప్పండి" అనొద్దు. "మీకేం అర్థమైంది, మీ మాటలో చెప్పండి" అనాలి. "గత పది రోజులు" అనే బదులు పగార్ రోజుతో లెక్క చెప్పొచ్చు. "ఆరు నెలలు" అనే బదులు మార్కండేయ రథోత్సవంతో గుర్తు చేయొచ్చు.

5. ఆ తరువాత ఎక్కువ మందిని, డాక్టర్ సమక్షంలో. జబ్బు ఉన్నవాళ్ళను, లేనివాళ్ళను, ఇద్దరినీ అడగాలి. మార్కుల్లో ఇద్దరికీ తేడా రావాలి. బాధ మారని మనిషిని వారం తరువాత మళ్ళీ అడిగితే దగ్గర దగ్గర అదే మార్కు రావాలి. రాకపోతే ఆ ఫారం తక్కెడ కాదు.

6. పైన చెప్పిన ప్రమాద గుర్తులు వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో. ఏది ఉన్నా ఫారం పక్కన పెట్టి నేరుగా డాక్టర్ దగ్గరికి.

దీనికి నెలలు పడుతుంది. ఐదు వందల కాపీల ఖర్చు కన్నా ఎక్కువ ఓపిక పడుతుంది. కానీ అయినాక అది షోలాపూర్ తెలుగువాళ్ళది అవుతుంది. భివండీలో మనవాళ్ళు అడిగితే, "ఇదిగో, కానీ మీ దగ్గర కూడా ఒకసారి పరీక్షించుకోండి" అని ఇవ్వొచ్చు.

వచ్చే సభలో ఈ తీర్మానం పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాం: పరీక్షించని తర్జుమాకు సంఘం ముద్ర వేయరాదు. ఒప్పుకునేవాళ్ళు సభకు వచ్చి చెయ్యెత్తండి. ఒప్పుకోనివాళ్ళు ఒక్క పని చేసి రండి. ఆ ఫోన్ ఫారం తీసుకొని ముందు మీ అమ్మగారికి చదివి వినిపించండి.